వెన్ను విరిగిన చేపలు

తొమ్మిదో చేప కడుపు కూడా కోసి చూసింది డెజ్రీన్. అదీ అంతే.

వేలు లోపలికి పోనిచ్చి వెన్నెముక వెంట తడిమింది. నడిమధ్యన ఎముక తెగి, రెండు ముక్కలూ విడివిడిగా కదులుతున్నాయి. పక్కటెముకలు కండలోంచి ఊడి వేలికి గుచ్చుకున్నాయి. వెన్ను పొడుగునా నెత్తురు నల్లగా గడ్డకట్టి ఉంది. గాలితిత్తి పగిలి పేగుల్లో కలిసిపోయింది. పైకి మాత్రం ఎర్రగా నిగనిగలాడుతూ, ఎంత చక్కని స్నాపరో అన్నట్టుంది.

ముప్ఫై ఏళ్ళుగా చేపలు కోస్తున్న చెయ్యి అది. గాలానికి పడిన స్నాపర్ నోట్లో గాటుంటుంది. సముద్రంలో దించే తీగబుట్టలో పడినదైతే బయటపడాలని కొట్టుకుని కొట్టుకుని మూతి ఒరుసుకుపోయి ఉంటుంది. వీటి నోట్లో గాటు లేదు, మూతి మీద గీత లేదు. ఒంటి మీద దెబ్బ కనిపించకుండా లోపల ఎముకలు నుగ్గయ్యే చావు సముద్రంలో ఒకటే ఉంది. నీళ్ళలో డైనమైట్ పేలితే వచ్చే చావు.

మిగిలిన మూడింటినీ కోయబుద్ధి కాలేదు. అయినా కోసింది. పన్నెండుకి పన్నెండూ అంతే.

కత్తి పళ్ళెంలో పడేసి, నిమ్మచెక్కతో చేతులు రుద్దుకుంది. వెనిగర్ పోసి మళ్ళీ రుద్దుకుంది. వాసన పోలేదు. అది చేప వాసన కాదు. చేప వాసన ఆమెకి పుట్టినప్పటినుంచీ అలవాటే. ఇది మరొకటి. కడుపులోంచి తన్నుకొస్తుంటే పెరటి గుమ్మం దగ్గరికి పరిగెత్తి, పొద్దున తాగిన టీ అంతా కక్కేసింది.

పెలికన్ కోవ్ ఊళ్ళో మగవాడు పడవ దిగి చేపని తిన్నగా ఇంటికి తీసుకురాడు. రేవులో బల్లల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళ ముందు కుమ్మరిస్తాడు. వాళ్ళు పొలుసు గీకి, కడుపు కోసి, కడిగి ఇస్తేనే అది ఇంటికొస్తుంది. డెజ్రీన్ కూడా ఒకప్పుడు ఆ బల్లల దగ్గర కూర్చున్నదే. మొగుడు లిన్వాల్ మత్స్యకారుల సంఘానికి పెద్ద అయ్యాక, సంఘపెద్ద పెళ్ళాం పొలుసులు గీకడం ఏం మర్యాదని మాన్పించాడు.

అలాంటివాడు నిన్న సాయంత్రం పన్నెండు స్నాపర్లని పొలుసు కూడా తీయించకుండా, ఐసు పెట్టెతో సహా తెచ్చి వంటింట్లో దించాడు. బుట్టలు తీస్తే పడ్డాయన్నాడు. రేపు పొద్దున్న కోద్దువుగాని, అంతవరకూ పెట్టె తెరవకు, ఐసు కరుగుతుంది అన్నాడు. భోజనానికి వచ్చేది నీ తమ్ముడు కదా, మొదటినుంచి చివరిదాకా నీ చేత్తోనే కానివ్వు, అని కూడా అన్నాడు. ఆ మాటకి డెజ్రీన్ మనసు వెన్నలా కరిగింది. పదకొండేళ్ళ తరవాత మొగుడు తన తమ్ముణ్ణి తలుచుకుని ఒక మంచి మాట అన్నాడని మురిసిపోయింది కూడా.

ఇప్పుడు ఆ మురిపెం తలుచుకుంటే తన మీద తనకే రోత పుట్టింది. రేవులో బల్లల దగ్గరి ఆడవాళ్ళకి నోళ్ళున్నాయి. ఒక్క చేప కోస్తే చాలు, మధ్యాహ్నానికి తీరమంతా తెలిసిపోతుంది. పెళ్ళానికి నోరు లేదని అతని ధీమా. ధీమా కాదు, ఇరవై నాలుగేళ్ళ అనుభవం.

ఆమె కక్కిన చోట మట్టి కప్పి లోపలికి వచ్చేసరికి అత్తగారు వంటింట్లో ఉంది. ఐసిల్డాకి డెబ్భై ఆరేళ్ళు. గుడ్ ఫ్రైడే తెల్లవారుజామున లేచి, గాజుగ్లాసు నీళ్ళలో గుడ్డు తెల్లసొన పోసి, కిటికీలో ఎండకి పెట్టడం ఆమె ఏనాడూ తప్పలేదు. మధ్యాహ్నానికి తెల్లసొన ఏ ఆకారం కడితే ఆ ఏడాది ఆ ఇంటి జాతకం అది. ఓడైతే ప్రయాణం, చర్చైతే పెళ్ళి, శవపెట్టె ఆకారమైతే చావు. ఇవాళ అప్పుడే ఓడలా కడుతోందని చెప్పడానికే వచ్చింది ముసలావిడ. బేసిన్‌లోకి ఒకసారి తొంగిచూసింది. విరిగిన వెన్నుల్ని చూసింది, నల్లటి నెత్తురు చూసింది.

ఇదేమిటని అడగలేదు. ఆ అడగకపోవడంలోనే డెజ్రీన్‌కి సంగతంతా బోధపడింది.

"కాస్త ఎక్కువసేపు వేయించు పిల్లా," అంది ఐసిల్డా. "వెనిగర్ దండిగా పొయ్యి. మిరపకాయ ఇంకో రెండు వెయ్యి. నోరు మండుతుంటే ఏ చేప ఎలా చచ్చిందో ఎవడికి కావాలి?"

"మీకు ముందే తెలుసా అత్తయ్యా?"

"నాకు తెలిసేదేముంది. ముసలిదాన్ని. పెట్టింది తింటాను."

పెట్టింది తింటానన్న ఆ మాట డెజ్రీన్ గుండెల్లో దిగింది. అంటే ఎన్నాళ్ళనుంచి తింటున్నట్టు? ఈస్టరుకి ముందొచ్చే లెంటు ఉపవాసాలు మొదలైనప్పటినుంచీ లిన్వాల్ ఇంటికి తెచ్చినవన్నీ ముక్కలే. ముల్లు తీసి, తోలు తీసి, సంచిలో చుట్టి తెచ్చేవాడు. కష్టపడుతున్నావు, నీకు పని తగ్గించానన్నాడు. ఆ ముక్కలు పాత్రలో పడగానే ముద్దలా చెదిరిపోతుంటే, కొబ్బరిపాలు పలచనయ్యాయనుకుంది, మంట ఎక్కువైందనుకుంది. ప్రతి వంకా వంట మీదే పెట్టుకుంది. నలభై రోజులుగా ఇంటిల్లిపాదీ లొట్టలేసుకుంటూ తిన్నది ఇదే.

* * *

లిన్వాల్ పొద్దుటి ప్రార్థన నుంచి పదింటికి తిరిగొచ్చాడు. తెల్లచొక్కా, నల్ల టై, చంకలో బైబిలు. డైనమైట్ విసిరేవాడు దేవుడి తోటలో దొంగ అని చర్చి మెట్ల మీద నిలబడి పదకొండేళ్ళ కిందట ఉపన్యాసమిచ్చిన మనిషి. ఆ ఉపన్యాసంతోనే సంఘానికి పెద్ద అయ్యాడు. ఆ దొంగ మరెవరో కాదు, డెజ్రీన్ తమ్ముడు క్లోవిస్. అప్పుడతనికి ఇరవై రెండేళ్ళు. చేతిలోని డైనమైట్ విసరకముందే పేలి కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఆస్పత్రి మంచం మీద కట్టు ఆరకముందే బావమరిది మీద పోలీసులకి చెప్పి, కోర్టులో సాక్ష్యం కూడా చెప్పాడు లిన్వాల్. మూడేళ్ళు జైలు. అన్యాయం చేశాడని డెజ్రీన్ ఒక్కనాడూ అనలేదు. తమ్ముడిది తప్పే. మొగుడు నిప్పులాంటివాడు, బంధువని చూడలేదు, అని అందరితోనూ చెప్పుకుని, లోపల లోపల ఏడ్చింది.

పెరట్లో సీమపనస చెట్టు కింద అతన్ని నిలదీసింది. గొంతు మాత్రం పెంచలేదు. బట్టలారేసే తీగకి అటు ఆమె, ఇటు అతను.

"ఎక్కడివి ఆ చేపలు?"

"బుట్టలవని చెప్పాను కదా."

"మూతి మీద గీత లేని బుట్ట చేపలు నా జన్మలో చూడలేదు. మళ్ళీ అడుగుతున్నాను. ఎక్కడివి?"

లిన్వాల్ టై వదులు చేసుకున్నాడు. అబద్ధం అతకనప్పుడు కొందరికి కోపం వస్తుంది, కొందరికి సిగ్గేస్తుంది. ఇతనికి విసుగొచ్చింది. తను విసరలేదన్నాడు. తూర్పు కొన దగ్గరి కుర్రాళ్ళు రాతిక్వారీలోంచి ఏదో తెచ్చుకుంటున్నారు, వారానికో రెండు వారాలకో ఒకసారి పేలుస్తున్నారు, తను చూసీ చూడనట్టు ఉంటున్నాడు, వాళ్ళు గౌరవంగా నాలుగు చేపలు పంపిస్తున్నారు, అంతే అన్నాడు. పగడపు దిబ్బలో చేప ఎక్కడుంది, మూడు నెలలుగా బుట్టలన్నీ ఉత్తవే వస్తున్నాయి, అది నీకు మాత్రం తెలీదా అన్నాడు.

ఉత్తవెందుకు వస్తున్నాయో అడగాలనిపించింది డెజ్రీన్‌కి. కంచే చేను మేస్తుంటే పంట ఎక్కడినుంచి వస్తుంది?

"మా తమ్ముడూ ఒక్కసారే కదా విసిరింది. నువ్వప్పుడు చూసీ చూడనట్టు ఉండలేకపోయావా?"

"అప్పట్లో చేపలుండేవి, నీతీ ఉండేది," అన్నాడు లిన్వాల్. "ఇప్పుడు రెండూ లేవు. ఊరికే నా ప్రాణం తియ్యకు. ఒంటిగంటకి వాడొస్తాడు. వంట సంగతి చూడు."

ఆమెకి అతని మొహం కేసి చూడాలంటేనే అసహ్యం వేసింది. ఎప్పుడూ చూసే మొహమే. గడ్డం నున్నగా గీసుకుని, చెవుల వెనక సెంటు రాసుకుని ఉన్నాడు. ఆ సెంటు వాసనా, తన వేళ్ళకి అంటిన వాసనా ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి.

ఇది వండను, బన్నూ చీజూ పెడతాను, టిన్ను చేప ఉంది, అదైనా పెడతాను అంది. లిన్వాల్ ఒప్పుకోలేదు. గుడ్ ఫ్రైడే నాడు ఇంటికి పిలిచి టిన్ను విప్పి పెట్టారని ఊరు నవ్వదా అన్నాడు. తరవాత, నిజంగా మనసులో ఉన్నది నోరు జారి వచ్చేసింది.

"క్లోవిస్ నా బల్ల దగ్గర కూర్చుని నా చేప తిన్నాడంటే, పదకొండేళ్ళుగా వాగుతున్న నోళ్ళన్నీ మూతపడతాయి. ఈస్టరు పోయాక సంఘం ఎన్నికలున్నాయి. ఆ మాత్రం అర్థం చేసుకోవేం?"

దీనికోసమా ఈ రాజీ. లెంటు నలభై రోజుల్లో ఆమె మూడుసార్లు బస్సెక్కి కొండమీదికి వెళ్ళింది. క్లోవిస్ అక్కడ ఒంటిచేత్తో ఉల్లికాడలు పండించుకుంటున్నాడు. జైలునుంచి వచ్చి ఎనిమిదేళ్ళైనా ఈ గుమ్మం తొక్కలేదు. అమ్మ పోయినప్పుడు సమాధికి అవతలి పక్కన నిలబడి, మట్టి వేసి, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మొదటిసారి వెళ్తే తలుపు తీయలేదు. రెండోసారి కుర్చీ వేశాడు. మూడోసారి, సరే అక్కా, శుక్రవారం వస్తాను అన్నాడు. ఆ ఒక్కమాట కోసం ఆమె నలభై రోజులు ఉపవాసం చేసినట్టే. ఇవాళ రావద్దంటే ఇంకోసారి రాడు. వాడి సంగతి ఆమెకి తెలుసు.

వేరే చేప తెద్దామన్నా ఎక్కడినుంచి తేవడం? ఇవాళ ఏ పడవా నీళ్ళలోకి దిగదు, ఏ దుకాణమూ తలుపు తీయదు.

"వాడికి నువ్వే చెప్పాలి," అంది చివరికి. "తినకముందు చెప్పాలి. ఇలాంటి చేపలు తెచ్చాను, తప్పు చేశాను అని నీ నోటితో చెప్పు. ఆ తరవాత తింటాడో, లేచిపోతాడో వాడిష్టం. అలాగైతేనే వండుతాను."

లిన్వాల్ బైబిలు మీద అరచెయ్యి పెట్టాడు. ఇంత పవిత్రమైన రోజున అబద్ధమాడతానా అన్నాడు.

కిటికీలోంచి ఐసిల్డా కేకేసింది. ప్రభువు శిలువ మీద ఉన్న పూట ఆడది గొంతెత్తకూడదంది. నిజానికి ఎవరూ గొంతెత్తలేదు.

* * *

స్నాపర్ వేయించడమంటే డెజ్రీన్‌కి పండగే. రెండు పక్కలా ఏటవాలుగా గాట్లు పెట్టి, ఆ గాట్లలో ఉప్పూ మిరియాల పొడీ, నూరిన వెల్లుల్లీ, వాసనకి థైమ్ ఆకు రెమ్మలూ కూరి, కొబ్బరినూనె కాగాక ఇనప బాణలిలో తోక పట్టుకుని జారవిడిచేది. చర్రుమని శబ్దం రాగానే పక్కింటివాళ్ళు కూడా ఇవాళ డెజ్రీన్ ఇంట్లో చేప అనుకునేవాళ్ళు. చేప కర్రలా బిగుసుకుని, కళ్ళు తెల్లబడి, తోక కరకరలాడుతూ పైకి లేచేది.

ఇవాళ తోక పట్టుకుంటే మధ్యలోంచి వంగి వేలాడింది. నూనెలో పడగానే రెండు చేపలు నడుం దగ్గర తెగిపోయాయి. గాట్లలోంచి కండ పిండిలా రాలి నూనె అడుగున నల్లబడింది. గౌను మెడ పైకి లాక్కుని ముక్కుకి అడ్డం పెట్టుకుంది. మూడుసార్లు నిమ్మరసం నీళ్ళతో కడిగిన చేపలే. ఎన్నిసార్లు కడిగితే మాత్రం ఏం పోతుంది? మురికి పైన లేదు కదా.

ఉల్లిపాయ చక్రాలు, క్యారెట్టు, సొరకాయలాంటి చోచో కాయ సన్నగా కోసి, మంటెత్తే బానెట్ మిరపకాయలు చీల్చి వేసి, మిరియాల్లాంటి పిమెంటో గింజలతో వెనిగర్ మరిగించింది. ఆ ఘాటుకి కళ్ళనీళ్ళు వచ్చాయి. అవి ఘాటువో కాదో చూసేవాళ్ళెవరూ లేరు. విరిగిన చేపల్ని పళ్ళెంలో అతికినట్టు పేర్చి, పైన ఆ ఊరగాయంతా గుమ్మరించింది. ఎర్రగా, పసుపుగా, తెల్లగా పళ్ళెం నిండిపోయింది. పక్కనే కొబ్బరిపాలలో నానబెట్టి కాల్చిన కర్రపెండలం రొట్టెలు పెట్టింది. చూడముచ్చటగా ఉంది. శవానికి పూలు కప్పినట్టు తన చేతులతో తనే కప్పానని అనుకుంది.

ఐసిల్డా వచ్చి ఒక క్యారెట్టు ముక్క నోట్లో వేసుకుని, ఏమీ తెలీట్లేదు పిల్లా, నీ చెయ్యి మంచిది అంది.

డెజ్రీన్ పళ్ళెం ఆమె చేతికి అందకుండా పక్కకి జరిపింది.

* * *

క్లోవిస్ ఒంటిగంటకి సరిగ్గా వచ్చాడు. పెద్దరోడ్డు నుంచి నడిచొచ్చినట్టున్నాడు, బూట్ల నిండా ఎర్రమట్టి. ఎడంచేతిలో ఉల్లికాడల కట్ట, కాగితంలో చుట్టిన ఈస్టరు బన్ను. ముప్ఫై మూడేళ్ళకే కణతల దగ్గర నెరిసింది. కుడిచేతి చొక్కా చెయ్యి మడిచి పిన్ను పెట్టి ఉంది.

గుమ్మం ముందు బూట్లు దులుపుకుని, అక్క కేసి చూసి నవ్వాడు. ఆ నవ్వు చిన్నప్పటిదే. డెజ్రీన్ ఉల్లికాడలు అందుకుని మొహం వాటిలో దాచుకుంది.

లిన్వాల్ రెండు చేతులూ చాచుకుంటూ ఎదురెళ్ళాడు. క్లోవిస్ ఎడంచెయ్యి ముందుకు పెడితే, దాన్ని తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని వదలకుండా ఊపాడు. వీధిలో పోయేవాళ్ళకి కనిపించేలా వరండాలోనే కాసేపు అలా నిలబెట్టాడు. వచ్చావా, పోనీలే, రక్తసంబంధం ఎక్కడికి పోతుంది అన్నాడు. డెజ్రీన్ అతని మొహం కేసే చూస్తూ నిలబడింది. ఇప్పుడు చెబుతాడేమో. చెప్పలేదు.

నలుగురూ బల్ల దగ్గర కూర్చున్నారు. వడ్డించబోయే ముందు చెబుతాడేమో అనుకుంది. లిన్వాల్ కళ్ళు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నాడు. క్షమాపణ గురించి, ఒకే బల్ల దగ్గర కూర్చున్న సోదరుల గురించి, సముద్రం మీద దేవుడి కృప గురించి గొంతు వణికిస్తూ చాలాసేపు ప్రార్థించాడు. ప్రార్థనలో కలిపి చెబుతాడేమో అని కూడా ఆశపడింది పిచ్చిది. ఆమెన్ అని కళ్ళు తెరిచి, పళ్ళెంలో అన్నిటికన్నా పెద్ద చేప తీసి క్లోవిస్ కంచంలో వేశాడు.

"తిను. నీకోసమే."

డెజ్రీన్ నోరు తెరిచింది. లిన్వాల్ ఆమె కేసి చూశాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఆమె నోరు మూయించిన చూపే అది. నోరు మూసుకుపోయింది. తనే చెప్పి ఉండాల్సిన క్షణం అది. చెప్పలేదు. తమ్ముడు వచ్చాడు, కూర్చున్నాడు, ఒక్క ముద్ద తిననీ, తరవాత చూద్దాం అనుకుంది. పిరికివాళ్ళకి ఎప్పుడూ తరవాత ఒకటుంటుంది.

క్లోవిస్ ఎడంచేతి వేళ్ళతో చేప విడదీశాడు. మంచి స్నాపర్ అయితే వెన్ను దువ్వెనలా ఒక్కసారిగా ఊడి వస్తుంది. ఇది రాలేదు. అతను ఆగి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. నాలుక మీదినుంచి ఒక ఎముక పెచ్చు తీసి కంచం అంచున పెట్టాడు.

లిన్వాల్ మాట్లాడుతూనే ఉన్నాడు. పగడపు దిబ్బ చుట్టూ కొత్త బోర్డులు పెట్టించబోతున్నారట, చేపలు గుడ్లు పెట్టే చోట ఎవ్వడూ వల వేయకూడదట, వేస్తే తను ఊరుకోడట. ఐసిల్డా తల ఊపుతోంది.

కంచం అంచున రెండో పెచ్చు పడింది. మూడోది. నాలుగోది. క్లోవిస్ వాటిని వరసగా పేరుస్తున్నాడు. తొందర లేదు. తలెత్తడం లేదు. పెచ్చులు తొమ్మిదో పదో అయ్యేసరికి లిన్వాల్ మాట తడబడి ఆగిపోయింది. డెజ్రీన్ తన కంచం ముట్టుకోలేదు.

అతను చేపంతా తిన్నాడు. తల కూడా వదల్లేదు. తుండుగుడ్డతో వేళ్ళు తుడుచుకుని, పదకొండేళ్ళలో మొదటిసారి వరస కలిపి పిలిచాడు.

"చేప ఎవరు పట్టారు బావా?"

లిన్వాల్ నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టేలోగా అబద్ధం తయారైంది.

"డెజ్రీన్ కొంది. బుధవారం టౌనుకెళ్ళింది కదా, అక్కడ. నేను చూడనే లేదు. ఏం, బాలేదా?"

"నేనూ వెంట ఉన్నాను," అంది ఐసిల్డా. "వద్దంటే వినలేదు. చవకగా వస్తున్నాయంది."

ప్రభువు శిలువ మీద ఉన్న పూట గొంతెత్తకూడదన్న నోరే అది. ఎంత నెమ్మదిగా, ఎంత మర్యాదగా చెప్పింది. డెజ్రీన్ ఆ ఇద్దరి కేసీ మార్చి మార్చి చూసింది. ఈ మనుషుల బట్టలుతికాను, ఈ ముసలిదానికి కాళ్ళు పట్టాను, ఈ మగవాడి పక్కన పడుకున్నాను అనుకుంది. బేసిన్‌లో పొద్దున వేలికి తగిలిన ఆ మెత్తటి నల్లటిదేదో ఈ బల్ల చుట్టూ కూర్చుని ప్రార్థన చేసినట్టనిపించింది.

క్లోవిస్ ఆమె కేసి తిరిగాడు.

"నువ్వు కొన్నావా అక్కా?"

"నేను కొనలేదు," అంది డెజ్రీన్. "నీ బావ తెచ్చాడు. డైనమైట్ చేపలు. పొద్దున కోసినప్పుడే తెలిసింది నాకు. తెలిసే వండాను."

లిన్వాల్ కుర్చీ కిర్రుమంది. ఆమెకి ఒంట్లో బాగాలేదు, పొద్దున వాంతులయ్యాయి, ఏం మాట్లాడుతోందో తెలీడంలేదని మొదలుపెట్టాడు. క్లోవిస్ అతని కేసి చూడను కూడా చూడలేదు.

"బావ తెచ్చాడంటే నాకు కొత్తేం కాదక్కా. ఆ రోజు నా చేతిలో పెట్టింది కూడా ఆయనే. పడవలో నా పక్కనే ఉన్నాడు. వత్తి పొట్టిగా ఉందంటే, ఏం కాదు విసురు అన్నాడు." అతను తన మడిచిన చొక్కా చెయ్యి సర్దుకున్నాడు. "కోర్టులో ఆయన నామీద చెప్పాడు. నేను ఆయన మీద చెప్పలేదు. చెబితే నీ కాపురం పోతుందని. మూడేళ్ళు లోపల కూర్చున్నాను, నీ పేరు తలుచుకునే."

ఐసిల్డా శిలువ గుర్తు వేసుకుంది.

"వచ్చిన తరవాత కూడా ఈ గుమ్మం ఎందుకు తొక్కలేదనుకున్నావు? తొక్కితే నోరు జారుతుందని. నువ్వు మూడుసార్లు కొండెక్కి వచ్చావు. ఈసారి కాదనలేకపోయాను." అతను లేచి నిలబడ్డాడు. "ఆయన పెడితే తిని ఊరుకునేవాణ్ణే. నువ్వు తెలిసి పెట్టావు."

డెజ్రీన్ అతని చెయ్యి పట్టుకోబోయింది. అతను కోపంగా విదిలించుకోలేదు. కొత్తవాళ్ళెవరో దారికి అడ్డం వస్తే తప్పుకున్నట్టు తప్పుకుని, వరండా దాటి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆమె అక్కడే నిలబడిపోయింది. నిప్పులాంటివాడని పదకొండేళ్ళు మొగుడి గురించి చెప్పుకుంది. బస్సులో చెప్పుకుంది, బజారులో చెప్పుకుంది, అమ్మ చనిపోయేముందు ఆవిడ మంచం పక్కన కూర్చుని కూడా చెప్పింది. అమ్మ ఆ మాట నమ్మి, కొడుకుని శపించి కన్నుమూసింది.

వెనక చెంచా చప్పుడైంది. లిన్వాల్ ఇంకో చేప వడ్డించుకుంటున్నాడు.

"పోనీ వాణ్ణి. పిచ్చివాగుడు. వాడికి సాక్ష్యమేమన్నా ఉందా," అన్నాడు. రొట్టె తుంచి వెనిగర్‌లో ముంచాడు. "అమ్మా, నువ్వు తిను. చల్లారిపోతోంది."

అతను తినడం ఆమె చూసింది. పెదాలు నూనెతో మెరుస్తున్నాయి. పళ్ళ మధ్యనుంచి ఎముక పెచ్చు తీసి, చూసుకోకుండానే కంచం పక్కన పడేసి, మళ్ళీ ముద్ద తీసుకున్నాడు.

డెజ్రీన్ చేప అలాగే ఉన్న తన కంచం మీద ఇంకో కంచం బోర్లించింది. రెండింటినీ కలిపి తుండుగుడ్డలో మూటకట్టింది. గోడకి తగిలించిన టోపీ తీసి పెట్టుకుంది.

ఎక్కడికని అత్తగారు అడిగింది.

"పోలీస్ స్టేషన్‌కి," అంది డెజ్రీన్. "ఆ దారెటో మీ అబ్బాయికి బాగా తెలుసు. నాకే ఇన్నాళ్ళూ తెలీలేదు."

లిన్వాల్ నమలడం ఆపాడు. లేవలేదు. లేవాల్సిన అవసరముందని అతనికి అనిపించలేదు. కుర్చీలో వెనక్కి వాలి, నెమ్మదిగా, చిన్నపిల్లకి లెక్క చెప్పినట్టు చెప్పాడు.

"వెళ్ళు. వెళ్ళి ఏం చెబుతావు? కోసింది నువ్వు. వేయించింది నువ్వు. తెలిసి నీ తమ్ముడికి పెట్టింది నువ్వు. పెట్టానని ఇప్పుడే నీ నోటితో ఒప్పుకున్నావు. అందులో నా చెయ్యి ఎక్కడుంది?"

ఆమె గుమ్మంలో ఆగింది. అతను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్క ముక్క లేదు. ఆ బల్ల దగ్గర అతని నోట్లోంచి వచ్చిన మొదటి నిజం అదే.

"అక్కడినుంచే మొదలుపెడతాను," అంది. "ముందు నా పేరు రాసుకోమంటాను."

మెట్లు దిగింది. రోడ్డు మీద ఎడమపక్క, కొండ వైపు, క్లోవిస్ అప్పటికే చాలా దూరం వెళ్ళిపోయాడు. ఎర్రటి ధూళిలో అతని వీపు మాత్రం కనిపిస్తోంది. పిలిస్తే వినపడేంత దూరమే. ఆమె పిలవలేదు. మూట గుండెలకి ఆనించుకుని కుడిపక్కకి తిరిగింది.